తడి గోనె కింద కుక్కపిల్ల

కొత్తగ పశువుల దవాఖానల నౌకరి దొరికిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తరు. చాయ్ తాగుతరు, కాళ్లకు మొక్కుతరు, "మేడమ్, మీ అనుభవాలు జర చెప్పుండ్రి" అంటరు. నేను నోరు తెరువంగనే గోడ గడియారం దిక్కు చూస్తరు. గందుకే రాసి పెడుతున్న. చదువుకుంటరో, మిర్చి బజ్జీలు కట్టుకుంటరో మీ ఇష్టం.

ఎప్పుడు ప్రమోషనొచ్చింది, ఏ ఆఫీసరు ఎంత సతాయించిండు, గవన్నీ ఇందుల ఉండయి. గవి మీరు కూడ పడుతరు, నేను చెప్పేదేముంది. నేను రాసేది ఎండకాలం గురించి, కుక్కపిల్లల గురించి. నవ్వొస్తే నవ్వుకోండ్రి. నా నౌకరంత బర్రెలు, ఎడ్లు, మేకల నడుమనే గడిచింది. కానీ ఇప్పటికీ ఎండలు ముదిరినయంటే నా మనసుకు పట్టేది మాత్రం ఒక కుక్కపిల్ల ముచ్చట.

నేను పనిచేసింది ఆర్మూర్ చుట్టుపక్కల. ఏ ఊరి దవాఖానో, ఎవరి ఇల్లో రాయ. పేర్లు కూడ మార్చిన. గా మనుషులల్ల కొందరు ఇంక ఉన్నరు, వాళ్ల బతుకు వాళ్లది.

కుక్క కేసు కాదు

ఎనభైల నడుమ నేను డ్యూటీల చేరినప్పుడు పశువుల డాక్టరంటే మగోడే అనుకునేటోళ్లు. రైతులు నన్ను చూసి "డాక్టర్ సాబ్ ఎప్పుడొస్తడమ్మా?" అని అడిగేది. నేనే డాక్టర్నంటే బర్రెను మలుపుకొని పోదామా, ఉందామా అని ఒకల మొహం ఒకలు చూసుకునేది. కడుపుల అడ్డం తిరిగిన దూడలను మోచేతి దాంక చెయ్యి పెట్టి బయటికి గుంజుడు చూసినంక గా అడుగుడు బందయింది.

కుక్కను తెచ్చేటోళ్లు మాత్రం లేకుండె. ఎవలన్న తెచ్చిన్రంటే అది ఎవల్నో కరిసి ఉండాలె. జ్వరమొచ్చిందని, ఎండ తాకిందని కుక్కను దవాఖానకు తెచ్చినోన్ని ఊరంత నవ్వేటోళ్లు. మనుషులకే దవాఖాన దొరుకుత లేదు, కుక్కకు కావాల్సొచ్చిందా అని.

మా పై డాక్టరును అందరం పెద్దసారు అనేటోళ్లం. ఆయన చెయ్యి మంచిది. ఈనలేక గోసపడే బర్రె కాడ ఆయన్ను మించినోన్ని నేను ఇప్పటిదాంక చూడలే. నాకు పని నేర్పింది ఆయనే, గది కాదన. కానీ కుక్క కనబడితే కుర్చీలకెల్లి లేవకపోవు. "బర్రె సస్తే రైతు సస్తడు. కుక్క సస్తే ఇంకో కుక్కొస్తది" అనేది ఆయన మాట. గా మాట సగం నిజమే. బర్రె సచ్చిన ఇంట్ల పొయ్యి వెలుగకపోవుడు నేను కండ్లార చూసిన. మిగిలిన సగం ఎంత అబద్ధమో ఎరుకయ్యేసరికి ఒక ఆడపిల్ల కాపురం పోయింది.

నీడ నడుస్తది, తాడు నడువది

ముందుగాల పని ముచ్చట చెప్త, తర్వాత గా పిల్ల ముచ్చట.

ఆర్మూర్ ఎండ మీకు కొత్త కాదు. గుట్ట బండలు పొద్దంత ఎండ తాగి పొద్దూకినంక కక్కుతయి. చిత్తకార్తెల కుక్కలు తిరుగుతయి, చలికాలంల ఈనుతయి. గా పిల్లలు కండ్లు తెరిచి, పాలు మరిచి, ఆటకు మరిగే యాళ్లకు ఎండలు మొదలైతయి. మనిషికి చెమట పోస్తది. బర్రె పోయి కుంటల పంటది. కుక్కపిల్లకు నాలుక తప్ప దిక్కు లేదు. బయట సల్లగాలి ఆడితేనే గా నాలుక పనిచేస్తది. గాలి ఆగిందంటే అది ఎంత రొప్పినా లోపలి సెగ లోపలనే ఉంటది.

మార్కెట్ కాడ ఒక కిరాణం సేటు ఉండె. పొద్దున దుకాణం తెరువంగనే వేపచెట్టు కింద నీడ చూసి కుక్కపిల్లను కట్టేసి, గిన్నె నిండ నీళ్లు పెట్టి గిరాకిల పడేటోడు. ఒకనాడు మధ్యాన్నం సచ్చింది. "నీడలనే కట్టేసిన డాక్టరమ్మా, ప్రమాణంగా" అని ఏడ్చిండు. నిజమే, పొద్దుగాల నీడనే. నీడ నడుస్తది, తాడు నడువది. నీళ్ల గిన్నె చూస్తే ఇత్తడిది. ఎండల కాగి ముట్టరాకుంట ఉన్నది. గందుకే చెప్తున్న, కట్టేయకుండ్రి. కట్టేసినా పన్నెండు గంటలకు నీడ ఏడ ఉంటదో చూసి కట్టుండ్రి. నీళ్లు మట్టి గురిగిలనే పెట్టుండ్రి.

తొంభైలల్ల దుబాయ్ పైసలు వచ్చినంక ఇంకో రకం తయారైంది. తెల్లబొచ్చు కుక్కపిల్లలను హైదరాబాద్ నుంచి తెచ్చి, స్లాబు ఇంట్ల తలుపులేసి, పంకా పెట్టి పెండ్లిళ్లకు పోయేటోళ్లు. కరెంటు పోతది గదా అని ఎవలకూ తోచకపోవు. ఇంటికొచ్చి తలుపు తీసేసరికి ఏముంటది. ఇంకొకాయన వడదెబ్బ తాకిన కుక్కపిల్లను మంచు గడ్డల బకెట్ల ముంచిండు, అది గిజగిజ తన్నుకొని పోయింది. మంచు కాదు, మామూలు నీళ్లు. నెత్తిన గుమ్మరిచ్చుడు కాదు, కడుపు కింద, తొడల సందుల, పాదాలకు. తర్వాత విసురాలె. మింగే సోయి వచ్చేదాంక నోట్లె నీళ్లు పోయొద్దు. చిగుళ్లు మందారం లెక్క ఎర్రగైనయి, సొల్లు జిగురు జిగురు కారుతుంది, నడిస్తే తూలుతుంది అంటే సూది కోసం ఉరుకకుండ్రి, గాలి కోసం ఉరుకుండ్రి. గింతే శాస్త్రం. కానీ గీ శాస్త్రం తెలిసుడు ఒకటి, ఇంటోళ్లకు చెప్పుడు ఇంకొకటి.

ఒడిల తెచ్చిన పిల్ల

ఉగాది దాటిన దినాలు. నేను పశువులను నిలబెట్టే బోనుల, ఈనలేని బర్రె కాడ ఉన్న, చెయ్యి దాని కడుపుల ఉన్నది. వాకిట్ల ఒక చిన్న పిల్ల వచ్చి నిలబడ్డది. పెండ్లయి ఎక్కువ ఏండ్లు కానట్టే ఉంది, మెడల పుస్తెలతాడు ఇంక పసుపు పచ్చగనే ఉన్నది. కొంగు ఒడి కట్టి అందుల ఏదో దాచుకొని ఉన్నది. చూస్తే కుక్కపిల్ల. సచ్చి ఉన్నది.

బతికున్న కుక్కనే తేరు, సచ్చినదాన్ని తెచ్చుడు నేను అదే మొదలు చూసుడు. పేరు గంగామణి. వేల్పూర్ దిక్కు ఒక పల్లె అత్తగారిల్లు, ఏర్గట్ల తల్లిగారిల్లు. బస్సుల కండక్టరు ఎక్కనియ్యకుంటే కొంగుల దాచుకొని వచ్చిందట. పెద్దసారు కుర్చీల ఉన్నడు. ఆయన ముంగట కుక్కపిల్లను నేల మీద పెట్టి అడిగింది.

"ఎందుకు సచ్చిందో చెప్పు సారూ. నా వల్ల సచ్చిందా, దాని ఆయువు తీరి సచ్చిందా?"

సంగతేందంటే, అది రెండో కుక్కపిల్లనట. వాళ్లది పసుపు పండించే ఇల్లు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లంల ఆరబోసినప్పుడు పందులు రాకుంట, దొంగలు రాకుంట కుక్క కావాలె. పైగ వాళ్లు మల్లన్నను కొలిచేటోళ్లు. కుక్క మల్లన్నది. కల్లంల కుక్క ఉంటే దేవుడు కాపలున్నట్టే అని నమ్మకం. పెండ్లయి వచ్చిన ఏడు తెచ్చిన పిల్ల ఎండలకు సచ్చింది. మల్ల ఏడు తెచ్చిన పిల్ల ఇప్పుడు సచ్చింది. రెండింటినీ చూసుకున్నది గంగామణే. అత్త నర్సవ్వ నోరు పెద్దది. ఇన్నేండ్లు మా కల్లంల కుక్క నిలిచింది, గీ పిల్ల అడుగు పెట్టినకాడికెల్లి నిలుస్త లేదు, దీని పాదం మంచిది కాదు, మల్లన్నకు అచ్చిరాలేదు అని ఊరంత చెప్పుకున్నది. వచ్చే ఏడు కూడ గిట్లనే అయితే తల్లిగారింటికి తోలుతమని కులపెద్దల ముంగటనే అన్నదట.

పెద్దసారు కుర్చీలకెల్లి లేవలే. కూసున్నకాడికెల్లే అడిగిండు. నీడల పెట్టినవా అంటే పెట్టిన అన్నది. నీళ్లు పెట్టినవా అంటే పెట్టిన అన్నది. తడి గోనె కూడ కప్పిన సారూ, మా అత్త ఎట్ల చెప్పిందో గట్లనే, ఆరంగనే మల్ల తడిపిన అన్నది.

"ఇంకేం చేస్తవమ్మా. నీడ పెట్టినవ్, నీళ్లు పెట్టినవ్, తడి గోనె కప్పినవ్. అన్నీ చేసినంక కూడ సచ్చిందంటే నీ గాచారం" అన్నడు.

ఆయన మంచికే అన్నడు, ఊరడించేటట్టే అన్నడు. కానీ గా పిల్ల మొహం నేను చూసిన. అడిగినదానికి జవాబు దొరికిన మొహం అది. కుక్కపిల్లను మల్ల ఒడిల వేసుకొని పోయింది. నేను బర్రె కాడికెల్లి కదలరాకుంట ఉన్న. దూడ బయటికొచ్చేసరికి ఆమె బస్టాండ్ దాటి ఉంటది.

దవాఖాన కాడ ఇన్నోళ్లెవలో మోసుకపోయిన్రు, గా మాట ఆమెకంటే ముందు ఊరు చేరింది. సర్కారు డాక్టరు కూడ దాని గాచారమే అన్నడట అని నర్సవ్వ నలుగురికి చెప్పిందట. అంతకుముందు అత్త మాట, ఇప్పుడు దవాఖాన మాట అయింది.

కడాయి కాడ

మల్ల ఏడు పసుపు పనులప్పుడు గా పల్లెకే పోవాల్సొచ్చింది. ఒక రైతు బర్రెకు మాయ పడక జ్వరమొస్తే చూసి, మందేసి, ఎనుకకు వస్తున్న. తొవ్వల గంగామణి వాళ్ల కల్లం. పసుపు ఉడికే వాసన మీకెరుకే, చీరకు పట్టిందంటే ఉతికినా పోదు. గా పిల్ల ఎట్లున్నదో చూసి పోదామని బండి దిగిన.

పెద్ద ఇనుప కడాయి పొయ్యి మీద ఉడుకుతుంది. కూలోళ్లు పసుపు ఆకు వేసి, దాని మీద తడిపిన గోనె సంచులు కప్పుతున్నరు. నర్సవ్వ కట్టె పట్టుకొని సుట్టు తిరుగుతుంది. ఒక దిక్కు సంచి లేచి ఆవిరి బయటికొస్తే కూలామెను తిట్టింది, సందు ఉంచకుండ్రని ఎన్నిమాట్ల చెప్పాలె, ఆవిరి పోతే గడ్డ ఉడుకుతదా అని. కూలామె సంచి అంచు సర్ది, మీద రాయి పెట్టింది.

కడాయికి జర దూరంల రేకులేసిన పందిరి ఉన్నది. మూడు దిక్కుల తడకలు. గా పందిరి మూలకు ఒక తడి గోనె సంచి కనబడ్డది, సుట్టు రాళ్లు పెట్టి ఉన్నయి. పక్కకు గంగామణి చెంబు పట్టుకొని కూసున్నది, గోనె మీద నీళ్లు చిలుకరిస్తుంది. గోనె కొద్దికొద్దిగ లేస్తుంది, పడుతుంది.

ఉరికిపోయి గోనె గుంజిన. లోపలికెల్లి ఉడుకావిరి నా చేతికి కొట్టింది, అన్నం గిన్నె మీది మూత తీసినట్టు. కింద కుక్కపిల్ల, మూడోది, నాలుక మొత్తం బయటేసి కండ్లు తేలేసి ఉన్నది. బొచ్చు తడిగ ఉన్నది, ముడితే కాలుతుంది.

తడి గోనె మంచిదే. గాలాడేకాడ మంచిది. నీళ్ల కుండకు సుడితే నీళ్లు సల్లగైతయి, కిటికీకి కడితే గాలి సల్లగొస్తది. గాలి ఆడని రేకుల కింద, నాలుగు దిక్కుల రాళ్లు పెట్టి, ఊపిరి ఉన్న ప్రాణం మీద కప్పితే అది కడాయి అయితది. పుట్టిన కాడికెల్లి ఆవిరి పోకుంట గోనె కప్పుడే నేర్చిన చేతులకు సందు ఉంచుడు రాదు. ఇంకో దిక్కు మనుషులైతే గోనె మీద పడేసి పోయేటోళ్లేమో, పిల్ల అంచు నూకి మూతి బయట పెట్టుకునేదేమో. పసుపు చేసే ఇల్లు గనుకనే అంత నీట్ గ కప్పిన్రు.

పిల్లను ఎత్తుకొని కల్లం అవతల కచ్చరం బండి కిందికి ఉరికిన. ఆడ నీడ ఉన్నది, చేన్ల మీదికెల్లి గాలొస్తుంది. గంగామణిని నీళ్లు తెమ్మన్న, కడుపుకు, పాదాలకు పోసిన, చాట తెచ్చి విసురుమన్న. ఆమె చెయ్యి ఆపలే. విసురుతనే ఉన్నది. చానసేపటికి కుక్కపిల్ల మూతి కదిలింది, నాలుక లోపలికి తీసుకున్నది. ఇంకొంచెం సేపటికి లేవబోయి తూలి పడ్డది, మల్ల లేచింది. బతికింది.

గప్పటికే కూలోళ్లంత పని ఇడిసిపెట్టి సుట్టు చేరిన్రు. నర్సవ్వ కూడ వచ్చింది. నాకు కోపం నెత్తికెక్కి ఉన్నది. అందరు ఇనేటట్టే అడిగిన.

"నర్సవ్వా, గా కడాయి మీద తడి గోనె ఎందుకు కప్పుతరు?"

"గది తెల్వదా డాక్టరమ్మా, ఆవిరి పోవద్దని."

"మరి గీ పిల్ల మీద ఎందుకు కప్పిన్రు?"

సల్లగుంటదని అనబోయింది. సల్ల అన్నదాంక వచ్చి మాట ఆగిపోయింది. కడాయి దిక్కు చూసింది, పందిరి దిక్కు చూసింది. అర్థమైంది ఆమెకు, గది నేను కండ్లార చూసిన. తర్వాత ఎవరెన్ని అన్నా, ఆమెకు అర్థం కాలేదంటే నేను నమ్మ.

గంగామణి చాట ఆపింది. చానా మెల్లగ అడిగింది, "అంటే గా రెండు నా చేతులనే పోయినయా డాక్టరమ్మా?"

"నీ తప్పు కాదు చెల్లె. నీకు ఎట్ల చెప్పిన్రో గట్ల చేసినవ్. చెప్పినోళ్లది తప్పు" అని నర్సవ్వ మొహం చూసుకుంటనే చెప్పిన.

"నేను కప్పుమన్న, ఊపిరి తిరుగకుంట కప్పుమన్ననా?" అన్నది నర్సవ్వ. కూలోళ్లు ఒకలొకలుగ పొయ్యి కాడికి జరిగిన్రు. పసుపు రోజుల్ల కూలి ఇచ్చే చెయ్యి ఆమెది, ఆమెకు ఎదురు ఎవలు మాట్లాడుతరు.

మంచి జరిగిందనుకున్న

నేను సంబురంగ దవాఖానకు మర్లిన. పాదం, గాచారం అన్న కథ ఈయాళటితో ఒడిసింది, కుక్కపిల్ల బతికింది, ఇంక గా పిల్లను ఎవలు ఏమంటరు అనుకున్న. పెద్దసారుకు చెప్పిన, మీరు గాచారమన్న కేసు ఇట్ల సారూ అని. "నేను గట్ల అన్ననా? నాకు యాదికే లేదమ్మా" అన్నడు. అబద్ధం ఆడలే. పొద్దటికెల్లి పొద్దూకెదాంక ఎంతమందికి గా మాట అంటుంటిమో, ఎవరు యాది పెట్టుకుంటరు. ఇనిపోయినోళ్లు యాది పెట్టుకుంటరు. మర్నాటికెల్లి మాత్రం ఎవలన్న కుక్కను తెస్తే ఆయన కుర్చీలకెల్లి లేచిండు, గది కూడ రాయాలె.

వానలు పడ్డంక గంగామణి పెనిమిటి లింగం ఎద్దును తోలుకొచ్చిండు, కాలి డెక్కల పుండైందని. కడిగి మందు పెట్టుకుంట గంగామణి బాగున్నదా అని అడిగిన. తల్లిగారింటికి తోలినమన్నడు. ఎందుకయ్యా, పాదం తప్పు కాదని మీ ముంగటనే చెప్తి గదా అంటే, నేల చూసుకుంట చెప్పిండు.

"పాదమైతే మల్లన్నకు ముగ్గుల పట్నమేసి శాంతి చేపిద్దుము డాక్టరమ్మా. దాని చేతులనే పోయినయని మీరే చెప్తిరి. రేపు పసిపిల్ల పుడితే దాని చేతికి ఎట్ల ఇస్తం?"

గోనె కప్పుమన్నది మీ అమ్మ గదా అని గట్టిగనే అడిగిన. మా అమ్మ మమ్ముల నలుగుర్ని పెంచలేదా అన్నడు. తోలేటప్పుడు పెట్టిన పంచాయితీల గంగామణి ఇంకేం అడుగలేదట, కుక్కపిల్లను ఒక్కటి ఇయ్యమన్నదట. ఇచ్చిన్రు. ఎద్దు కాలికి కట్టు కట్టి పంపిన. మందు మంచిదే పెట్టిన, లింగం మీది కోపం ఎద్దు మీద తీయొద్దు గదా.

పిల్లలూ, గీడ జర ఆగి చదువుండ్రి. పశువు ఎందుకు పడ్డదో తెలుసుకోవాలంటే అది పడ్డ జాగ చూడాలె. కుర్చీల కూసొని నీడ పెట్టినవా, నీళ్లు పెట్టినవా అని అడిగితే మంచి మనిషి అన్నింటికీ పెట్టిన అనే చెప్తది. ఎవలు చెప్తే చేసినవ్, ఎట్ల చేసినవ్, ఏదీ చేసి చూపెట్టు అని అడుగుండ్రి. ఇది నేర్పుతున్న, నేర్చుకోండ్రి. తప్పు ఎవలదో తేలినంక ఊరు దాన్ని ఎవల మెడకు కడ్తదో, గది మాత్రం నాకు కూడ నేర్పరాదు. బలహీనంగ ఉన్నోళ్ల మెడకే కడ్తది. నేను నిజం చెప్పిన, అందరి ముంగట చెప్పిన, పేరు పెట్టి చెప్పినంత పని చేసిన. అయినా గంతే.

ఏర్గట్ల

తొంభైలు సగం దాటినంక పిచ్చికుక్క సూదుల క్యాంపుకు ఏర్గట్ల పోయిన. ఎండకాలమే. లైన్ల ఒక ముసలి కుక్క కనబడ్డది, దాని వెంట గంగామణి. జుట్టు అప్పుడే నెరిసింది. నన్ను ఆమెనే ముందు గుర్తుపట్టింది. ఇది గదే డాక్టరమ్మా, మీరు బతికించింది అన్నది. సూది వేసినంక, ఇంటికి రా అమ్మా, బుక్కెడు మజ్జిగ తాగి పోదువు అంటే పోయిన.

తల్లి తండ్రి పోయిన్రు, అన్న వదినలు పక్కింట్ల ఉంటరు. బీడీలు చేసుకుంట బతుకుతుంది. మల్ల పెండ్లి మాట వస్తే వద్దన్నదట. వదినకు కాన్పైతే పసిపిల్లను ఎత్తుకోమని ఎంత చెప్పినా ఎత్తుకోలేదట, వదిననే చెప్పింది నాకు, ఏందో దీని తిక్క అని నవ్వుకుంట. నాకు నవ్వు రాలే.

వాకిట్ల పెద్ద నీళ్ల రంజన్ ఉన్నది, దాని కింద తడి ఇసుక. కుక్క గా ఇసుక మీద కాళ్లు సాపి పడుకున్నది. మీద చింతచెట్టు నీడ. కాలువ దిక్కుకెల్లి గాలి మంచిగ ఆడుతుంది. ఏ పుస్తకంల రాసినా అంతకంటే మంచి జాగ రాయరాదు. గంగామణి దాని పక్కకు కూసొని చాటతోని విసురుతుంది. కుక్క రొప్పుత కూడ లేదు. కండ్లు మూసుకొని నిద్రపోతుంది.

నాకు ఊకె ఉండరాక అడిగిన, నీకు నా మీద కోపం లేదా అని.

"నీ మీదెందుకమ్మా, నేను అడిగిన, నువ్వు చెప్పినవ్. కానీ ఒకటి. పాదమన్నప్పుడు మల్లన్నకు మొక్కేదాన్ని. చెయ్యి అన్నంక ఎవలకు మొక్కాలె?"

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టిన. తప్పు నీది కాదని గప్పుడే చెప్పిన, మల్ల చెప్తే మల్ల ఇంటది, తల ఊపుతది, గంతే.

"నీడున్నది, తడి ఇసుకున్నది, గాలి మంచిగ ఆడుతుంది" అన్న ఆఖరుకు. "ఇంక విసురుడెందుకు చెల్లె, చెయ్యి గుంజదా?"

"గాలున్నదని నాకు ఎరుకే అమ్మా. నా చేతికే ఎరుక లేదు."

చాట ఇటియ్యి, జరసేపు నేను విసురుత అని చెయ్యి చాపిన. ఇయ్యలే. నా జీపు వచ్చి హారన్ కొట్టేదాంక ఆమె పక్కనే కూసున్న. పొద్దు చింతచెట్టు ఎనుకకు దిగింది, ఎండ తగ్గింది, కుక్క లేచి ఒళ్లు దులుపుకొని అవతలికి పోయింది. ఆమె ఇంక విసురుతనే ఉన్నది.